వదులు సున్నా

ఆశ్వయుజం. విప్పుడు మొదలైంది.

ఈ తెర అడుగున ఒక ఖాళీ గడి ఉంటుంది. 'ఆపరేటర్ వివరణ' అని దాని పేరు. పని ముగిశాక అందులో ఏదో ఒకటి రాస్తే గాని అచ్చు, అంటే మా కొలతల యంత్రం, నన్ను లేవనివ్వదు. రాసింది ఎక్కడికి పోతుందని సూపర్‌వైజర్ రాజలింగాన్ని అడిగాను. "పై కేంద్రానికి పోతదక్కా" అన్నాడు. పై కేంద్రంలో ఎవరున్నారయ్యా అంటే కప్పు వైపు చూశాడు. పైన మంచు తప్ప ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఆజ్ఞలు మాత్రం వేళకు వస్తూనే ఉంటాయి. చదివే నాథుడు లేడు కాబట్టి నా ఇష్టం వచ్చింది రాస్తాను.

నా పేరు వనమాల. మా తాత మరమగ్గాల మీద చీరలు నేశాడు. నేను ఈ పాత బొగ్గు బాయిలో కూర్చుని స్వెటర్ల నమూనాలు సరిచూస్తాను. ఏడాదికోసారి ఊరంతా ఒంటి మీది స్వెటర్లు విప్పి ఇస్తారు. వాటిని కుట్టు కుట్టుగా ఊడదీసి, దారం ఆవిరి పట్టి, ఉండలు చుట్టి, మళ్ళీ కొలతలు తీసి మళ్ళీ అల్లుతాం. ఆ నాలుగు వారాలూ జనం గొంగళ్ళు కప్పుకుని కొలతల గది బయట వరుసలో కూర్చుంటారు. గొంగళ్ళు ఊరుమ్మడివి, చిల్లులు పడ్డవి. విప్పుడు అయిపోగానే పైకి వెళ్ళి నీళ్ళ కోసం మంచు కోసుకొచ్చేవాళ్ళకు పోతాయి.

చుట్టూ బొగ్గే. నిప్పు మాత్రం అంటించకూడదు. అంటిస్తే పొగకు కొందరు, గ్యాసుకు అందరూ పోతాం. అన్నం కుండ పక్కన కూర్చుని ఆకలికి ఏడ్చినట్టు ఉంటుంది మా బతుకు. అందుకే ఉన్నిని నమ్ముకున్నాం.

కొలత తీయడం తేలిక. మనిషి కొలతల పెట్టెలో చేతులు చాపి నిలబడతాడు. అచ్చు అతని చుట్టూ గీత గీసి, మెడకు ఇన్ని కుట్లు, చంకకు ఇన్ని వరుసలు అని నమూనా ఇస్తుంది. దానికి మనిషి గురించి తెలియనివి నేను దిద్దుతాను. మా తమ్ముడు ఓదెలుకు మంచుదిమ్మలు మోసి మోసి కుడిభుజం పైకి లేచింది. అచ్చు దాన్ని తప్పనుకుని ప్రతిసారీ చదును చేస్తుంది, నేను ప్రతిసారీ లేపుతాను. అల్లే యంత్రాలకు దారం అచ్చు వదిలితేనే వస్తుంది. నమూనాలో ఉన్నంత వదిలి కత్తిరిస్తుంది, ఒక మూర కూడా దాటదు.

ఇవాళ కొత్త ఆజ్ఞ వచ్చింది. 'వదులు: సున్నా.'

వదులంటే ఒంటికీ అల్లికకూ మధ్య వదిలే జాగా. నేను పనిలో చేరినప్పుడు నాలుగు వేళ్ళు వదిలేవాళ్ళం. తర్వాత రెండు, పోయినేడు ఒకటి. విప్పిన ప్రతిసారీ దారం కాస్త అరుగుతుంది, కాస్త తెగుతుంది. గొర్రెలు లేవు, కొత్త ఉన్ని రాదు.

"ఒక్క వేలన్నా ఉండాలయ్యా, చెయ్యి ఎత్తితే చంక చిరుగుతది" అన్నాను.

"మొదటి చలిల గొంగళ్ళ కోసం తలకాయలు పగలగొట్టుకున్నరు, యాదికి లేదా అక్కా" అన్నాడు రాజలింగం. "మనిషి పంచితే కొట్లాట. అచ్చు పంచితే ఉత్త చలి. ఉత్త చలే నయం."

అతను చెడ్డవాడు కాదు. అదే నా బాధ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి కడుపు చల్లబరుచుకునేదాన్ని.

ఆశ్వయుజం, చివర

నా మరదలు స్వరూపకు ఎనిమిదో నెల. ఓదెలు భార్య. మా ముగ్గురిదీ ఒకటే గది.

పోయిన చలిలో దానికి కొడుకు పుట్టాడు. పుట్టగానే వాడికీ కొలత తీసి, వాడి పేరున అచ్చు దారం వదిలింది. నేనే నమూనా దిద్దాను. నా చేతి మీదుగా పోయిన వాటిలో అంత ముచ్చటగా కుదిరింది ఇంకొకటి లేదు. మెడ దగ్గర ముడత లేదు, చేతి అంచు సరిగ్గా మణికట్టు మీద ఆగింది. అందులోనే పురుడు తీరకుండానే పోయాడు.

స్వెటర్ వేడి పుట్టించదు. ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. పుట్టిన పిల్లకు సొంత వేడి ఎక్కడిది? నాలుగు వేళ్ళ వదులు ఉన్న రోజుల్లో తల్లులు పిల్లల్ని తమ స్వెటర్లోనే వేసుకునేవారు, రొమ్ముకు ఆనించి, ముక్కొక్కటి బయటపెట్టి. అట్లా బతికిన పిల్లలు ఇప్పుడు గని గల్లీల్లో పరుగులు పెడుతున్నారు. వదులు తగ్గాక పుట్టిన వాళ్ళలో ఎవరూ పరుగెత్తే దాకా రాలేదు.

"పిల్లకు అంగి ఎందుకే" అంటుంది మంత్రసాని లస్మవ్వ. "తల్లి పొట్టల నుంచి వచ్చిన దానికి ఇంకో పొట్ట కావాలె. మీ అచ్చుకు ఆ ముచ్చట ఎవలు చెప్పాలె?"

పిల్లాడి స్వెటర్‌ను నేనే విప్పాను. దారం గుప్పిట్లో పట్టింది. ఎక్కడికి పోయిందో కూడా నాకు తెలుసు. రాజలింగం స్వెటర్‌కు ఎడమచేతి అంచు అల్లింది దానితోనే. అతనికి తెలియదు. చెప్పి ఏం లాభం?

కార్తీకం

నాకొక ఆలోచన తట్టింది. తట్టినప్పటి నుంచి లోపల పిల్లి తిరుగుతున్నట్టుంది.

అచ్చు కొలిచేది చుట్టుకొలత. ఆ చుట్టుకొలత లోపల ఏముందో దానికి అక్కర్లేదు. నిండు తొమ్మిదో నెలలో స్వరూపను కొలిస్తే, నిండు పొట్టకు సరిపడా అల్లుతుంది. కాన్పు అయ్యాక ఆ పొట్ట ఖాళీ అవుతుంది. అప్పుడు వదులే వదులు.

ఇబ్బంది ఒకటుంది. నెలకోసారి అందరూ మళ్ళీ పెట్టెలో నిలబడాలి. సన్నబడ్డవాళ్ళ స్వెటర్‌ను ఆ మేరకు విప్పించి అచ్చు దారం వెనక్కి తీసుకుంటుంది. అదేమిటో అప్పుడు చూసుకుందాం అనుకున్నాను. ముందు నీళ్ళలో దిగాలి కదా, ఈత సంగతి తర్వాత.

స్వరూప పేరు వచ్చినప్పుడల్లా వాయిదా వేస్తున్నాను. పెట్టె అద్దం మసకబారిందన్నాను, తుడిచాను. దీపం మిణుకుమంటోందన్నాను. అది పాపం చిల్లుల గొంగట్లో వణుకుతూ వరుస చివరికి, మళ్ళీ చివరికి జరుగుతోంది. దాని పెదవులు నీలం తిరిగాయి. ఊరంతా స్వెటర్లు తొడుక్కున్నారు, ఇది ఒక్కతే మిగిలింది.

"ఇంకెన్ని దినాలు వదినా" అంది ఇవాళ.

"ఇంకొంచెం ఉబ్బు" అన్నాను. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే కూడా నవ్వింది.

కార్తీకం, అమావాస్య దగ్గర

ఇవాళ కొలిచాం.

పొట్ట ఒక్కటీ చాలదని రాత్రి పడుకోబోతూ తోచింది. పిల్లను లోపలికి దించడానికి మెడ దారి కావాలి. లస్మవ్వకు చెప్తే తన పాత చీర పేలిక తెచ్చి స్వరూప మెడకు చుట్టలు చుట్టలుగా చుట్టింది. ఆ చీర ఎండ ఉన్న రోజుల నాటిది, మెత్తగా అరిగిపోయింది.

"ఏమైందని అడిగితే?" అంది స్వరూప.

"గొంతుల గడ్డ లేసిందని చెప్పు" అంది లస్మవ్వ. "అచ్చుకు వైద్యం రాదు."

అచ్చు ఏమీ అడగలేదు. గడ్డతో సహా గీత గీసింది. ముందు భాగం మధ్యలో సగం సగం వరుసలు పెంచుకుంటూ పొట్ట కోసం గిన్నెలాంటి గుంట అల్లమంది. ఎంత చక్కగా వేసిందో. దాని పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేను, మొగుణ్ణి తిడుతూనే అన్నం పెట్టే ఆడదాని లాగ. ఒక్క కుట్టు కూడా దిద్దలేదు నేను.

అడుగున మాత్రం ఒక మాట రాసి ఉంది. 'ఇంటి వాటా మించింది. లోటు అదే ఇంటి నుంచి సర్దబడింది.' మేం తొడుక్కున్నవి మళ్ళీ విప్పించింది. ఓదెలు స్వెటర్ చేతులు మణికట్టుకు పైన ఆగిపోయాయి. నా స్వెటర్ నడుము దగ్గర ఆగింది. ఓదెలు చేతులు చూసుకుని, "పోనీ తియ్ అక్కా, బిడ్డకే గదా" అన్నాడు. ఆ చేతులతోనే రోజూ పైకి వెళ్ళి మంచు కోస్తాడు.

మార్గశిరం

ఆడపిల్ల.

పుట్టిన బిడ్డకు మొదట పాత బట్టే చుట్టాలి, పాతబడే దాకా బతకాలని. లస్మవ్వ మెడకు చుట్టిన ఆ పేలికలోనే పిల్లను చుట్టి, స్వరూప మెడలోంచి లోపలికి దించింది. గిన్నెలో పిండి వేసినట్టు గుంటలో సర్దుకుంది. కాసేపటికి ఏడుపు ఆపింది. చెయ్యి పెట్టి చూశాను. లోపల వెచ్చగా ఉంది. నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి, బాగా ఏడ్చాను.

రాజలింగం గుమ్మం దాకా వచ్చాడు. కాన్పు కాగానే మళ్ళీ కొలవాలని నిబంధన.

"పురుడు" అంది లస్మవ్వ, తలుపుకు అడ్డంగా కూర్చుని. "పదకొండు దినాలు. గడప తొక్కినవో, మైల అంటుకుంటది. ఆ మైలతోని ఊరి దారం ముట్టుకుంటవా?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. దేవుళ్ళు పైనే మంచులో ఉండిపోయినా మైల మాత్రం మాతో పాటు బాయిలోకి దిగింది. దానికి మొదటిసారి దండం పెట్టుకున్నాను.

మార్గశిరం, పురుడు వెళ్ళాక

ఇవాళ స్వరూప పెట్టెలో నిలబడింది. పిల్ల లోపలే ఉంది, నిద్రపోతోంది. మెడ దగ్గర పేలిక అంచు కప్పాం.

తెర మీద వచ్చింది. 'మార్పు లేదు. ప్రసవం కాలేదు.'

స్వరూపా నేనూ ఒకరినొకరు చూసుకుని, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వాం. చాలా కాలానికి నవ్వాం.

బయటికి రాగానే రాజలింగం నన్ను పక్కకు పిలిచాడు. అతనికి అంతా తెలుసు. పసిపిల్ల ఏడుపు ఏ గోడ ఆపుతుంది?

"అక్కా, నేనేం చూడలేదు. గానీ ఒక్క మాట విను. పుట్టిందని రాస్తే బాలింత గంజి వస్తది, స్వెటర్ పోతది. రాయకుంటే స్వెటర్ ఉంటది, గంజి రాదు. రెండూ ఇచ్చే బటన్ లేదు దాంట్ల. ఏం జేస్తవ్ చెప్పు."

స్వరూప నన్ను చూసింది. ఓదెలు నన్ను చూశాడు. ఇంట్లో పెద్దదాన్ని నేను, అచ్చు చదవడం వచ్చినదాన్ని నేను.

"రాయొద్దు" అన్నాను. చలి ఈ పూటే చంపుతుంది, ఆకలి నెమ్మదిగా వస్తుంది, ఈలోపు ఏదో దారి చూడొచ్చు అనుకున్నాను. మా గంజిలో చెరి సగం స్వరూపకు పోద్దాం అనుకున్నాం. లెక్క సరిగానే ఉన్నట్టు తోచింది.

పుష్యం

పిల్లకు ఇంకా పేరు పెట్టలేదు. ఇరవయ్యొకటో రోజున పెడదామంటే లస్మవ్వ వద్దంది. "పేరు పెడితే పిలుస్తరు. పిలిస్తే గోడలకు చెవులుంటయి." అందరం 'పొట్టది' అని పిలుస్తున్నాం. పొట్టలో ఉండేది కాబట్టి. పిలిస్తే కళ్ళు తిప్పుతుంది.

నెల కొలతలు వచ్చాయి. ఓదెలు సన్నబడ్డాడు. నేనూ సన్నబడ్డాను. మరి సగం గంజి పోస్తున్నాం కదా. అచ్చు మా ఇద్దరి స్వెటర్లనూ విప్పించి ఆ మేరకు దారం తీసుకుపోయింది. గంజి పెట్టినవాడి చొక్కా కూడా లాక్కుంటుందని నేను ముందు అనుకోలేదు. అచ్చుతో ఇన్నేళ్ళు పనిచేసి ఆ మాత్రం అనుకోకపోవడం నా తెలివితక్కువతనం.

స్వరూప దగ్గరికి వచ్చేసరికి తెర మీద చాలాసేపు గీతలు కదిలాయి. భుజాలు తగ్గాయి. చేతులు తగ్గాయి. పొట్ట కొంచెం పెరిగింది. చేతుల నుంచి తీసి పొట్టకు ఇచ్చింది అచ్చు. పది నెలలు దాటిన గర్భం దానికి వింతగా అనిపించలేదు. నెలలు లెక్కపెట్టడం దాని పని కాదు.

"మంచిగ పెరిగిందంట పొట్టది" అంది స్వరూప, తెర చదివి చెప్పించుకుని. చాలా సంతోషపడింది. దాని ముంజేతులు ఎండు పుల్లల్లా ఉన్నాయి.

పుష్యం, చివర

ఓదెలు రెండు వేళ్ళు నల్లబడ్డాయి. పైకి పోవద్దన్నాను. పోకపోతే గంజి లేదు. పోయాడు.

పాలు తగ్గాయి. లస్మవ్వ మెంతులుంటే బాగుండేదంది. మెంతుల వాసన ఎట్లా ఉంటుందో అరగంట సేపు చెప్పింది. పొట్టది తల్లి మెడ దగ్గర నోరు తెరిచి వెతుకుతూ ఉంటుంది. ఏడుపులో జీవం తగ్గింది.

పుట్టిందని రాసేద్దామా అని స్వరూపను అడిగాను. రాస్తే గంజి వస్తుంది, పాలు రావచ్చు.

"రాసిన పూటనే స్వెటర్ విప్పుతరు గదా వదినా. పాలు ఎప్పుడొస్తయి?"

"రెండు మూడు రోజులు పట్టొచ్చు."

"మరి ఆ రెండు మూడు దినాలు ఇది యాడ ఉండాలె?"

నా స్వెటర్లో పెట్టుకుందామంటే నా ఒంటికీ దానికీ మధ్య గోరు కూడా దూరదు. ఊళ్ళో ఎవరి స్వెటర్లోనూ దూరదు. అందరికీ అంత బాగా కుదిర్చింది నేనే.

మాఘం

పొట్టది పోయింది.

బయటి చలికి కాదు. పేలిక చెదరలేదు, అల్లిక ఎక్కడా జారలేదు, చిరగలేదు. దాచడానికి తల్లి ఒంట్లో వేడి లేదు, అంతే. ఆ మాట నేనే ఈ గడిలో ఒకప్పుడు రాశాను. రాసుకుని కూడా దారం వైపే చూశాను, మనిషి వైపు చూడలేదు. రాయొద్దు అన్న నోరు నాది.

ఓదెలు దాన్ని పైకి తీసుకుపోయాడు. పేరు లేదు కాబట్టి ఏమని ఏడవాలో స్వరూపకు తెలియలేదు. పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

రాజలింగం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు, ఆ చేతి అంచుతోనే. నేను తల తిప్పుకున్నాను.

మాఘం, నెల కొలతలు

ఇవాళ స్వరూప వంతు. ఈ కొలతతో ఆ గుంట విప్పేస్తారు. ఆ దారంతో ఓదెలు స్వెటర్ చేతులు మణికట్టు దాకా వస్తాయి. నమూనా ముందే ఊహించి పెట్టుకున్నాను. ఆ మాత్రమన్నా దక్కుతుందని అనుకున్నాను.

స్వరూప వచ్చింది. పొట్ట ఎత్తుగానే ఉంది.

దానికి మతి చలించిందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే మెడ దగ్గర పేలిక అంచు కనిపించింది. పేలికనూ, గొంగళ్ళ తునకలనూ ఉండ చుట్టి లోపల పెట్టుకుంది. పిల్ల ఉన్నంత ఎత్తున, ఉన్న చోటే.

"ఇదేందే" అన్నాను మెల్లగా.

"మంజులకు దినాలు దగ్గరపడ్డయి వదినా" అంది. మంజుల మా పక్క గదిలో ఉంటుంది, తొలిచూలు. "కాన్పు కాంగనే పుట్టిందని రాయమని చెప్పిన. దానికి గంజి వస్తది, పాలు వస్తయి. స్వెటర్ పోతే పోనీ. పిల్లను నా దాంట్ల ఉంచుతా. పాలకు దాని దగ్గరికి, వేడికి నా దగ్గరికి."

"నీకేది వేడి?" అని అడిగాను. అడగకూడనిది అడిగాను.

"ఇప్పుడు నేను పాలియ్యనవసరం లేదు గదా. నా గంజి నాకే ఉంటది." ఆ మాట అంటూ లోపలి ఉండను సరిచేసుకుంది.

ఒకామె పుట్టిందని రాయించుకోవాలి, ఇంకొకామె పుట్టలేదని నిలబడాలి. రెండు బటన్లూ ఉన్నాయి. రెండూ ఒక మనిషికే కావాలనుకోవడం మా పొరపాటు. అది నాకు తట్టలేదు, రాజలింగానికి తట్టలేదు, దీనికి తట్టింది. ఒక బిడ్డ పోయాక తట్టింది.

ఓదెలు వరుసలో ఉన్నాడు. తన చేతుల వంక చూసుకోకుండా గోడ వంక చూస్తున్నాడు. వాడికి ముందే చెప్పినట్టుంది.

ఇది నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. దారం వచ్చే విప్పుడుకు ఇంకా సన్నబడుతుంది. స్వరూప కూడా సన్నబడుతుంది. మంజుల బిడ్డ మాత్రం ఏం పాపం చేసిందని ఇక్కడికి వస్తోందో.

స్వరూప పెట్టెలోకి వెళ్ళి చేతులు చాపింది. అచ్చు దాని చుట్టూ గీత గీసింది. భుజాలు తగ్గాయి, చేతులు తగ్గాయి. పొట్ట దగ్గర గీత ఒక్క క్షణం ఆగి ముందుకు పోయింది. పొట్టకు ఎదురుగా తెర మీద వచ్చింది.

'మార్పు లేదు. ప్రసవం కాలేదు.'

సరే అని నొక్కి, తర్వాతి మనిషిని పిలిచాను.